జక్లేరు

కువైట్‌ల శుక్రవారమే మాకు ఆదివారం.
విల్లా కింది అరల పాటలయిపోయినంక
కురియన్ పాస్టరు వ్యాన్ తాళంచెవి నా చేతుల పెడ్తడు.
ఎనమండుగురం, రెండు సంచుల సబ్బులు, బనీన్లు,
జైలు గేటు కాడ ఒక ఫారం.

ఖైదీకి ఏమవుతరు అని అండ్ల ఒక గడి.
చుట్టాలకే లోపటికి దారి.
మొదటిసారి నా చేయి ఆగింది.
అబద్ధమాడొద్దని అచ్చంపేట సండేస్కూల్ల
దీనమ్మ టీచరు తొడపాశం పెట్టి నేర్పింది మరి.
తమ్ముడు, అని రాసిన.
పోలీసాయన దాన్ని అరబ్బీల ఎక్కించుకున్నడు.

అద్దం అవతల బోయ తిమ్మప్ప, మాగనూరు.
ఏం కేసని అడగలే. అడగొద్దని పాస్టరు కట్టడి.
నల్లఫోను చెవికి పెట్టుకొని
నాకొచ్చిన మాటలన్ని అప్పజెప్పిన:
కృప, విడుదల, నిరీక్షణ.
ఆయన ఇన్నడు. ఇని ఏమన్నడంటే,
"తమ్మీ, గా పుస్తకం తెలుగు నాకెక్కదు.
పాలమూరు బస్టాండ్ల కండక్టరు ఎట్ల పిలుస్తడో
గట్ల ఒక్కపారి పిలువు."

పక్క అద్దం కాడ కురియన్ పాస్టరు
కండ్లు మూసుకొని మలయాళంల ఏడుస్తున్నడు.
నేను గొంతు సవరించుకున్న.
"దేవరకద్ర, మరికల్, మక్తల్, మాగనూర్, కృష్ణా!
ఎక్కాలె ఎక్కాలె, సీట్లున్నయ్!"
కావలాయన మర్రి చూసిండు.
తిమ్మప్ప మొకం గంటు పెట్టిండు.
"జక్లేరు మర్చిపోయినవ్."

అట్ల పద్నాలుగు శుక్రవారాలు.
ప్రార్థన ఎప్పుడు చేసినవ్రా అంటే ఏం చెప్పాలె?
దేవరకద్ర కాడ రైలుగేటు పడ్డదని ఒకనాడు చెప్పిన.
చిల్లర లేదని ఇద్దరం కొట్లాడినం ఒకనాడు.
ఒక వారం నేను డ్రైవరు, ఆయన కండక్టరు.
ఐదు నిమిషాలే.
పీఁ అని ఫోను తెగేది
ఎప్పుడు గూడ మక్తల్ రాకముందే.

వీసా అయిపోయి ఇంటికొచ్చిన నెలకు
నిజం బస్సు ఎక్కిన.
రైలుగేటు లేదక్కడ. మీదికెల్లి వంతెన పడ్డది.

మాగనూర్ల తిమ్మప్ప తల్లి ఈరమ్మ
వాకిట్ల పల్లికాయ ఒలుస్తున్నది.
కిందికెల్లి మీది దాక చూసింది నన్ను.
"నీ కొడుకును ఇడిపిస్తమని
ఇద్దరొచ్చి పైసలు వట్టుకపోయిన్రు.
నువ్ మూడోనివా?"
పైసలొద్దన్న. కండ్లార చూసొచ్చిన్నన్న.
"ఏం గుర్తు?"

నా సంచిల బైబిలున్నది. ఆమెకది గుర్తు కాదు.
జక్లేరు, అన్న.

ఒలిచే చేయి ఆగింది.

"వాని నాయిన జక్లేరు కాడ నీళ్ళకని దిగిండు.
వీనికప్పుడు ఆరేండ్లు, కిటికీ పక్కన కూసున్నడు.
బస్సు కదిలింది. ఆయన ఎక్కలే.
ఇయ్యాల్టి దాక ఎక్కలే."

ప్రార్థన చెయ్యనా అని అడగబోయి ఊకున్న.
గుంజకు కురుమూర్తి ముడుపు ఏలాడుతున్నది.
ఆమె దాని దిక్కు చూసి, నా దిక్కు చూసి
"మీరు ప్రసాదం ముట్టరు, ఎరుకే" అని
దోసెడు పచ్చిపల్లీలు నా రుమాల్ల పోసింది.
"జైల్ల లోపటికి ఎట్ల పోనిచ్చిన్రు నిన్ను?
ఏమైతవని చెప్పినవ్?"
తమ్ముడన్న.
"ఇంక వాకిట్లనే నిలవడ్డవేంది మరి.
చెప్పులిడ్సి రా."

శుక్రవారాలు ఇప్పుడు
కొల్లాపూర్ పిల్లగాడు సమేలు పోతున్నడు.
ఊర్ల పేర్లు వరుసగ కాయితం మీద రాసి
ఫోటో కొట్టి పంపిన వానికి.
జక్లేరు కింద రెండు గీతలు గీసిన.
బస్సు ఆడ ఆపమన్న.
ఉన్న ఐదు నిమిషాలు ఆడనే అయిపోయినా సరే,
హారన్ కొట్టొద్దన్న.