బకెట్ అడుగు

ఎర్రిస్వామీ, రేపట్నుంచి కోడి కూసేలోపు రా.
చెప్పులు విడిచి రావద్దు, ఇది గుడి కాదు.
గుర్రం డెక్క నీ వేలి మీద పడితే
మొక్కుకునే టైము కూడా ఉండదు.

మొదట నీళ్ల తొట్టి చూడు.
రాత్రి ఎంత తగ్గిందో జాన పెట్టి కొలువు.
తగ్గలేదంటే నన్ను లేపు.
జ్వరంతో పడుకోనున్నా సరే, లేపు.

ఈ కణేకల్లు గాలి మంచిది కాదబ్బా.
హగరి ఎండిపోయినాక ఏటి ఇసుక లేచొచ్చి
చేను మీద కూర్చుంటాది, సద్దిరొట్టె మీద కూర్చుంటాది,
నిద్దర్లో రెప్పల మీద కూడా.
మనకు పంటికింద కరకరమంటే ఉమ్మేస్తాం.
గుర్రం ఉమ్మలేదు. దానికి వాంతి కూడా రాదు.
లోపలికి పోయిందంటే పోయిందే.

అందుకే మేత నేల మీద వెయ్యొద్దు, రబ్బరు తొట్లో వెయ్యి.
శెనిక్కాయ కట్టె వేసేముందు ముక్కుకు పట్టుకో.
బూజు వాసనొస్తే పారెయ్.
ఉలవలు రాత్రే నానాల.
నాననివి వేసినావంటే
కడుపులో నానతాయి, ఉబ్బుతాయి, అప్పుడు నువ్వూ నేనూ ఏడవాల.

ముందు చుక్కి అని ఒక ఆడగుర్రం ఉండేది.
రాయదుర్గంలో పెండ్లిండ్లకు పోయేది,
బ్యాండు కొడితే కాళ్లు ఆగేవి కావు.
ఒకరోజు తల తిప్పి తన డొక్కను తానే చూసుకున్నాది.
ఈగలనుకున్నా.
కాసేపటికి మళ్లీ చూసుకున్నాది.
ముంగాలితో నేల గీరినాది.
అలక అనుకున్నా. పండుకుని పొర్లితే
ఒళ్లు తీపరం అనుకున్నా.
ఇంగువ నీళ్లు తాగించినాను, నా చేత్తోనే.
హంపమ్మ డాక్టరు స్కూటరు మీద వచ్చేసరికి
మెడంతా చెమట, చిగుళ్లు ఇటుక రంగు.

పొద్దు గుంకినాక కోసి చూపించినాది.
ఒక తట్టెడు ఇసుక.
గోడకు పూత పెట్టుకునేంత సన్నని, శుభ్రమైన ఇసుక.
నేను రోజూ ఊడ్చిన వాకిట్లోదే.

అప్పట్నుంచి ఆదివారం ఆదివారం ఇది చేస్తాను, చూడు.
నాలుగైదు లద్దె ఉండలు, నేలకు తగలనివి పైనుంచి ఏరి,
బకెట్లో వేసి, నీళ్లు పోసి, చేత్తోనే పిసుకు.
ముఖం తిప్పుకోకు, గడ్డే కదా.
అరగంట కదిలించకు.
తర్వాత పైపైది మెల్లగా వంచెయ్.
అడుగున ఏమైనా మెరిస్తే
ఇసబ్గోలు డబ్బా గూట్లో ఉండాది.

సావుకారి అడిగినాడు మొన్న,
"రోగం లేని గుర్రానికి సూది ఎందుకు మాబున్నీ,
నిరుడు ధనుర్వాతమని గుచ్చితిరి, అది రాలేదే!"
"దొంగ రాని రాత్రి నువ్వు గడియ వెయ్యకుండా పడుకున్నావా సామీ?" అన్నాను.
డబ్బులిచ్చినాడు. గొణిగినాడు కూడా.

కొత్తగా బళ్లారి నుంచి వచ్చిన బూడిదరంగుది
మూడు వారాలు కంపకు అవతలే.
దాని బకెట్ దానిది, దాని బ్రష్ దానిది.
సకిలిస్తాది. సకిలించనీ.
నీకు జాలేస్తే పోయి మాట్లాడు,
వచ్చేటప్పుడు మోచేతుల దాకా కడుక్కో.
నేనూ పోతాంటా, నీకు చెప్పలేదంతే.

ఇటు రా. ఎడమ డొక్కకు చెవి ఆనించు.
భయపడకు, అది తన్నదు, నిన్ను వాసన చూస్తాంది.
ఏం వినిపిస్తాంది?
దూరంగా గుంతకల్లు గూడ్సు పోతున్నట్టా?
అదే. పోతా ఉండనీ.
ఇప్పుడు కుడివైపు.
ఏ వైపైనా రైలు ఆగిపోయిందంటే
నన్ను అడగొద్దు, ఫోను దగ్గరికి పరుగెత్తు.

నాకు రాయడం రాదు.
ఏమీ కాని రోజుకు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తాను.
చూడు, తలుపు దాటి కిటికీ దాకా పోయినాయి.
ఎవరొచ్చినా సున్నం కొట్టించమంటారు.

అరగంటయింది. బకెట్ వంచు.
మెల్లగా... మెల్లగా అంటాంటే!
ఆగు.
నా కండ్లు పోయినాయి, నువ్వు చెప్పు,
అడుగున ఏముండాది?