పట్టు

తెల్లారి నాలుగున్నరకి
గోపాలపురం దారిలో, పాత విమానాల పట్టీ మీద
ఆరుగురం వరసగా తలలు దించుకుని నడుస్తాం,
జారిపోయిన ముక్కుపుడక వెతికినట్టు.
ఇవాళ దొరికినవి: రెండు మేకులు, తడిసిన బీడీ కట్ట,
పల్లీల పొట్లం, ఎడమ దారి మధ్యలో
దారి తప్పిన ఎర్ర పీత ఒకటి.
దాన్ని చేటలోకి ఎత్తి తుప్పల్లో ఒదిలేసి
వాసుపల్లి దానయ్య అన్నాడు:
"ఈడికి లైసెన్సూ లేదు, హెల్మెట్టూ లేదు."

ఇసుక మా పగ.
రాత్రంతా సముద్రం ఊదిపోసిన ఇసుక.
చీపురుతో ఒకసారి, బ్లోయరుతో రెండుసార్లు,
ఆఖరికి తడి గోనెతో, మోకాళ్ళ మీద.
మళ్ళీ అదే ఇసుకని జల్లెడ పట్టి
ఎర్ర బకెట్లలో నింపి గోడ వెంట పేరుస్తాం.
మంట లేస్తే అదే దిక్కు.
పగవాణ్ణి కాపలా పెట్టుకోవడం
మా పల్లెకి కొత్తేం కాదు.

జిగురు కొట్టే ముందు
బిపిన్ సాహు తుపాకీ లాంటిదొకటి నేలకి గురిపెట్టి
"బయాళిశ" అంటాడు.
నలభై రెండు డిగ్రీలు. బాగుంది.
నాకు అరికాలు చాలు.
చెప్పు విప్పి నిలబడితే నేల పనస పాలలా అంటుకోవాలి,
ఒదిలేటప్పుడు చిన్న చప్పుడు చెయ్యాలి.
చప్పుడు లేని చోట సున్నంతో గీత గీస్తాను.

దాన్నే మేం పట్టు అంటాం.
బరంపురం నుంచి బండి తెచ్చుకున్న పొట్నూరు హేమ నవ్వింది.
"మా ఇంట్లో పట్టంటే వేరే, బాబాయ్.
పోగు తెగితే నాన్న ముడేసుకుని సాగిపోతాడు."
ఇక్కడ తెగితే ముడి లేదమ్మా అనబోయి
ఆమె చేతి తొడుగుకి వేసుకున్న కుట్లు చూసి ఊరుకున్నాను.
ఎరుపు పట్టుదారం. తండ్రి చేతి పనే అయ్యుంటుంది.

మూడింటికి కటకం బండి
బయల్దేరిన చోటే ఇంజను కక్కింది.
నూట ఎనభై అడుగుల నూనె చార.
మైకులో "ఐదే నిమిషాలు" అని అబద్ధం.
రంపపు పొట్టు, చీపురు, సబ్బునీళ్ళు, గుడ్డ, మళ్ళీ పొట్టు.
యాభై నిమిషాలు జనం మా వీపులే చూశారు.
ఎవడో సీసా విసిరాడు.
ప్లాస్టిక్‌దే. అదీ ఏరాం.

ఐదున్నర. ఆఖరి జంట.
హేమ ఒక దారిలో, విజయనగరం కుర్రాడు ఇంకో దారిలో.
గెలిస్తే లక్షన్నర.
అప్పుడు గాలి తిరిగింది.
తేమగాలి ముందు ముక్కుకి తెలుస్తుంది,
తర్వాత చర్మానికి,
బిపిన్ తుపాకీకి అందరికన్నా ఆలస్యంగా.
వంగి అరచెయ్యి ఆనించాను.
అంటలేదు.
చేప పొట్ట తడిమినట్టుంది.

మా మామ కోడా రాజులు
ఒకనాడు తెప్పని మొదటి అల దాటకుండానే వెనక్కి తిప్పాడు.
ఆ పూట వెళ్ళినవాళ్ళు
బుట్టలకొద్దీ కవ్వళ్ళతో తిరిగొచ్చారు.
ఎవరికీ ఏమీ కాలేదు.
మామ పోయేదాకా ఊరికి గుర్తున్నది ఆ ఒక్క రోజే.
తిప్పిన మిగతా రోజులు ఆయనకైనా గుర్తున్నాయో లేదో.

ఎర్ర జెండా ఎత్తాను.

హేమ నా వైపే చూసింది.
హెల్మెట్టు అద్దంలో ఆకాశం తప్ప ముఖం కనపడలేదు.
పందెం పెట్టినాయన పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాడు.
"ఏడు సెకన్ల పని గదా!"
"ఏడే బాబూ. అందుకే."
బిపిన్ కొలిచాడు, పెదవి విరిచాడు. ఔననీ కాదు, కాదనీ కాదు.
దానయ్య ఏమీ అడక్కుండా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.
దూరంగా అంబులెన్సు డ్రైవరు సీటు వాల్చుకుని
పొద్దుటి అన్నం డబ్బా తెరిచాడు.

కొబ్బరినూనె పెట్టి తోమినా జిగురు పోలేదు.
రాత్రి లేవబోతే చాప నాతోపాటే లేచింది.
మా ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని
"ఇంతకీ ఎవులు గెలిసినారు?" అంది.

"పీత," అన్నాను.