దీవుల జాబితా

ముహరక్‌లో రాత్రి రెండున్నర.
ఏసీ గొంతు రాసుకుపోయి దగ్గుతోంది.
తెర మీద యాభై మూడు లక్షల అక్షరాలు,
నాలుగే నాలుగు రకాలు,
ఒత్తుల్లేవు, దీర్ఘాల్లేవు,
ఊపిరి పీల్చుకోను చుక్కైనా లేదు.
పడక పదకొండులో మనిషి ఊపిరితిత్తుల్లోంచి
మొన్న తీసిన సూక్ష్మజీవి ఇది.
ఏ మందు పేరు చెప్పినా తల తిప్పుకుంటోంది.

పనిముట్టుకు ఒక్కటే విద్య నేర్పారు:
చిన్న చట్రం ఒకటి పట్టుకుని
అక్షరాల మీద జరుపుకుంటూ పోవడం,
ప్రతి చోటా జీలెన్ని, సీలెన్ని అని లెక్కపెట్టడం.
ఇంటి లెక్క నూటికి యాభై ఏడు.
ఎక్కడైనా నలభై ఎనిమిదికి పడిందా,
ఎర్రగీత గీసి
దీవి అంటుంది.

అంటే బయటి ముక్క.
ఏ వైరస్ జేబులోనో, ఏ మురుగుకాలువ స్నేహంలోనో
చేతులు మారి వచ్చి,
ఓ టీ-ఆర్ఎన్ఏ జన్యువు గుమ్మంలో దిగి,
రెండు చివర్లా ఒకే కుట్టు వేసుకుని కూర్చున్నది.
లోపలికి వచ్చిన తాళంచెవి
ఇంకా కొంగున కట్టుకునే ఉంటుంది.

యాస పట్టేయడమే ఇదంతా.
"నువ్వు మా చిట్వేలి పక్క బిడ్డవే గదమ్మా"
అని మొదటి రోజే చెప్పేశాడు ఓబులేసు.
నేనన్నది "తలుపు వేస్తారా" అని రెండు మాటలే.
ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ ల్యాబు నేల తుడుస్తున్నాడు.
అతను అరబ్బీ మాట్లాడితే
పెదనాన్న గానీ వచ్చాడా అని
లుల్వా వెనక్కి తిరిగి చూస్తుంది.
తమ్ముడితో ఫోన్లో
తెలుగుకే తడుముకుంటాడిప్పుడు.

రెండో పనిముట్టుది వేరే దారి.
చుట్టాల జీనోముల్ని పక్కపక్కన పరిచి
వాళ్ళకి లేనిది నీకెక్కడిదని అడుగుతుంది.
మొదటిది తొమ్మిది దీవులంది.
ఇది పదమూడంది.
కలిసినవి ఆరే.

కలవని వాటి దగ్గరే నా నిద్ర ఎగిరిపోయింది.
ఏ కాలంలోనో వచ్చి దిగినవి
మెల్లగా ఇంటి అక్షరాలే పలకడం నేర్చుకుంటాయి.
యాభై రెండు, యాభై ఐదు, యాభై ఏడు.
ఎర్రగీత వాటి మీదుగా ఊరికే దాటిపోతుంది.
పాలూ నీళ్ళూ వేరుచేసే హంసని తెచ్చాం సరే,
నీళ్ళే పాలైపోయాక
దాని ముక్కుకేం పని?

"అసలు ఏది, వచ్చింది ఏది, ఎట్లా చెప్పడం?"
పైకే గొణుక్కున్నాను.
లుల్వా టీ కప్పు దించి
"అసల్ అన్నావు. అది మా మాట కదా" అంది.
నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.
జవాబు. కబురు. తారీఖు. ఖాళీ. హాజరు.
పలక మీద దిద్దినప్పుడు ఎవరూ గీత గీయలేదు.
ఏ పడవ దిగాయో, ఏ కచేరీ మెట్లెక్కాయో,
చివరికి అసలు అన్న మాటే
అసలు మనది కాదు.

లుల్వా కిటికీలోంచి వేలు చూపించింది.
వాళ్ళ తాత ఇంటి గోడకు ఒకప్పుడు అల తగిలేదట.
ఇప్పుడు అల దాకా నాలుగు రోడ్లు, ఓ పెట్రోలు బంకు.
సముద్రంలో పోసిన ఇసుక
ఇరవై ఏళ్ళకి నేల అనిపించుకుంది.

అయినా ఆగు, అని నాకు నేనే చెప్పుకున్నాను.
ఇది మనుషుల కథ కాదు.
నాలుగో దీవిలో మందుల్ని ముక్కలు చేసే కత్తెర ఉంది.
ఏడో దీవిలో, మిగిలిన మందుని బయటికి తోడిపోసే ఏతం.
పడక పదకొండుకి నా పోలికలతో పని లేదు.
కలిసిన ఆరూ ముందు రాశాను.
కలవని వాటికి ఎదురుగా అనుమానం అని పెట్టి,
ఒకదానికి అదీ పెట్టలేక
గడి వదిలేశాను.

నాలుగింటికి ఓబులేసు బకెట్టుతో వచ్చాడు.
"కాళ్ళెత్తమ్మా" అన్నాడు.
ఎత్తాను.
తుడిచిన చోట నేల కాసేపు వేరే రంగులో ఉంది.
ఆరింది.
ఎక్కడిదాకా తుడిచాడో
ఇక తెలియలేదు.