రెండేళ్ల సందు

చక్రానికీ మడ్‌గార్డుకీ నడుమ
నాలుగు వేళ్లు దూర్చి
"ఈ సందు కనపడకూడదన్నా" అన్నాను.

నేను గ్యాస్ కట్టర్ వైపు చూస్తుంటే
పెంచలయ్య మేస్త్రి
దాని మీద నూనె గుడ్డ కప్పాడు.

"స్ప్రింగు కోస్తే దిగుద్ది అబ్బయా,
దిగింది మళ్లీ లేవాల గదా.
పొట్టి స్ప్రింగు కాస్త బిర్రుగా ఉండాల,
దాన్ని పట్టి ఆపే షాకులు దానికి తగ్గవి ఉండాల.
ఒక్క ఇంచి దించుదాం.
రెండేళ్ల సందు వదిలెయ్.
చీమకుర్తి రోడ్డులో రాళ్ల లారీలు తవ్విన గుంటలు
నీ కారు అందం చూసి పక్కకి జరగవు."

లేస్తూ నడుం పట్టుకున్నాడు.
పదమూడేళ్లు గ్రానైట్ లారీ తోలిన నడుం.
"ఇదిగో, ఈడ రబ్బరు అరిగింది.
మంచంలో రెండేళ్లు."
ఈసారి వేళ్లు ఎత్తి చూపలేదు.

నాలుగో రోజు సాయంత్రం
ఒంగోలు దాటి, కర్నూలు రోడ్డు.
పక్క సీట్లో ఆయన,
చేతిలో నిండు టీ గ్లాసు.
బ్రేకరు మీద కారు వంగింది, లేచింది,
రెండోసారి ఊగలేదు.
చుక్క ఒలకలేదు.

కాదు, ఒక చుక్క. లుంగీ మీద.
తుడుచుకోకుండా
"ఇంకో గుంట చూడు" అన్నాడు.