మూడో గుట్ట

టంగుటూరు గ్రేడింగు షెడ్డులో
నా ముందు మూడు గుట్టలు.
నిమ్మపండు రంగు ఆకు కుడిపక్క.
మచ్చలది ఎడమపక్క.
ఏదీ తేల్చలేనిది మోకాలి దగ్గర.
అది మేస్త్రీ వచ్చి చూడాల్సిందే.
పదహారేళ్ళుగా
చేతికంటే ముందు నా కన్నే ఆకును తాకుద్ది.

ఆ కంటి రెప్ప మీదే
మాఘమాసంలో ఓ గింజ లేచింది.
జొన్నగింజంత. ఎర్రగా, ఒకటే సలపరం.

పేరమ్మత్త ఊరుకుద్దా?
"కడుపుతో ఉన్నదానికి పెట్టకుండా
ఏం తిన్నావే?"
తిన్నమాట నిజమే, రెండు తేగలు,
ఎదురింటి శేషారత్నం చూస్తానే ఉంది.
మర్నాడు నాలుగు కాల్చి ఇచ్చొచ్చా.
అప్పు తీరింది, కురుపు తగ్గలా.

మస్తాన్‌బీ తన అరచేతిలో వేలు రుద్ది
వేడిగా ఆనించబోయింది.
"ఆ పొగాకు బంక చేత్తోనా!"
నర్సు లూర్దమ్మ కసిరింది.
"కాపడం మంచిదే.
వేన్నీళ్ళలో ఉతికిన గుడ్డ ముంచి, పిండి,
పది నిమిషాలు, పూటపూటకీ.
చిదమమాక.
వారం పది రోజుల్లో దానంతటదే పోద్ది.
రెప్పంతా వాచిందనుకో, జొరమొచ్చిందనుకో,
చూపు మసకేసిందనుకో,
నన్ను కూడా అడగమాక,
ఒంగోలు బస్సెక్కు."

ఎనిమిదో రోజుకి పోయింది.
నా సంగతి అంతే.

చైత్రంలో,
సద్దిమూట విప్పుకుంటా వెలుతురుకి తిరిగితే
మస్తాన్‌బీ కింది రెప్ప కనబడింది.
చిన్న బుడిపె.
"ఇదేందే?"
"ఇది మూడోసారి లే. అక్కడే వస్తది, అక్కడే పోతది.
నొప్పి కూడా లేదు."

నొప్పి లేదంటే నాకు భయమేసింది.
బుడిపె ఉన్న కాడ
నాలుగు వెంట్రుకలు లేవు.
అంచు పురుగు కొట్టిన ఆకులాగా
అక్కడికక్కడే బోడి.
పదహారేళ్ళ కన్ను గదా నాది,
చూసినాక చూళ్ళేదనుకోలేను.

రెండు రోజులు బతిమాలా.
మూడో రోజు ఇద్దరి కూలీ పోయింది.

కంటి డాక్టరమ్మ చిన్నపిల్ల.
రెప్ప తిరగేసి చూసింది, దీపం పెట్టి చూసింది.
"ఒకే చోట మళ్ళీ మళ్ళీ వస్తే,
వెంట్రుకలు రాలితే
ముందే రావాలి గదా పెద్దమ్మా" అంది.
తిట్టలేదు.
చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాం,
పది రోజులు పడుద్దంది.
ఏమీ కాకపోవచ్చని కూడా అంది.
మస్తాన్‌బీకి ఆ మాటొక్కటే వినబడింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క కూచుని
కట్టు కట్టిన కంటితో నవ్వింది.
"నా రెప్పని ఏ గుట్టలో ఏసిందే?"

నేను జామాయిలు తోటలు చూస్తా కూచున్నా.
"మూడోది" అన్నా కాసేపాగి.

"మేస్త్రీ రావాల్నా అయితే" అని
తల వాల్చి నిద్రపోయింది.

వల్లూరు దాటేదాకా
ఎండ కంటి మీద పడకుండా
చెయ్యి అడ్డం పెట్టా,
ఆ బంక చెయ్యే,
తగలకుండా.