మినుకుమనని నక్షత్రం

సెప్టెంబరు ఒకటో తారీకున
మా సాన్ ఫెర్నాండోలో క్రిస్మస్ మొదలవుతుంది.
ఎండ ఇంకా మాడు పగలగొడుతుంటుంది,
నేను వెదురు చీలుస్తుంటాను.

నాన్నవి పెద్ద దీపాలు,
లారీలెక్కి ఊరేగేవి, ఇల్లంతేసి.
లోపల ఏముందో ఎవరూ అడగరు.
ఒక ఇనప పీపా. దాని ఒంటినిండా టేపు ముక్కలు.
పీపా తిరుగుతుంటే వీపు గోకుతూ
వరసగా జడపిన్నులు.
పిన్ను ఇనుముకి తగిలితే వెలుగు,
టేపు మీదికెక్కితే చీకటి.
జనం వెలుగు చూసి ఈలలేసేవారు.
నాన్న మాత్రం రాత్రంతా
చీకటి ఎక్కడ పడాలో లెక్కలు కట్టేవాడు.
డిసెంబరు నెలంతా అమ్మ
జుట్టు విరబోసుకునే తిరిగేది.

నాది చిన్న చెయ్యి.
చెట్టుకొమ్మకీ కిటికీ చువ్వకీ
సరిపడేవి చేస్తాను,
కాపిజ్ చిప్పలతో. అరచేతిలో పెడితే
గీతలు కనిపించేటంత పల్చన.

పోయిన అక్టోబరులో ఫ్లోర్డెలిసా వచ్చింది
బకొలోర్ నించి, జీప్నీ దిగి, గొడుగు దులుపుకుంటూ.
తొంభై అయిదులో
కొండ మీంచి దిగిన బూడిద బురద
వాళ్ళ కింది అంతస్తుని మింగేసింది.
అప్పటి మేడ కిటికీ
ఇప్పుడు రోడ్డు పక్క కిటికీ.
దానికొకటి కావాలంది.
ఎన్ని వంతుల్లో మినుకుమనాలి, ఎనిమిదా, పన్నెండా?
అలవాటుగా అడిగాను.

"అసలు మినుకుమనకూడదు."

వాళ్ళ రొదెల్‌కి ఏడేళ్ళు.
టపటపా వెలిగి ఆరే దీపం చూస్తే
కళ్ళు పైకి పోతాయి, పళ్ళు బిగుసుకుంటాయి.
నాలుగు నెలలు వీధంతా పండగ,
వాళ్ళ కిటికీకి దుప్పటి.
"కదలని దీపం కొట్లో దొరుకుతుంది.
కానీ వాడు అడిగాడు,
అందరి నక్షత్రాలూ రాత్రంతా ఏం చేస్తాయని.
ఆడుకుంటాయన్నాను.
నోరు జారాను."

మూడు వారాలు పాడుచేశాను.
పీపాని నెమ్మదిగా తిప్పి చూశాను,
కళ్ళు మూసుకున్నా రెప్పల మీద
తలుపు తట్టినట్టే ఉంది.
ఒకటి ఆరకముందే ఇంకొకటి వెలిగేలా
టేపుని ఏటవాలుగా కోశాను.
అతుకు దగ్గర చిన్న మెరుపు,
చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు.
కాళ్ళచుట్టూ టేపు కుప్ప.
చచ్చిన నాన్నని కూడా నాలుగు తిట్టాను.

మైదా జిగురు ఉడుకుతోంది.
గిన్నె మీద దారానికి వేలాడుతున్న కాగితం తోక
గాలి లేకుండా తిరుగుతోంది.
ఎన్నేళ్ళుగా తిరుగుతోందో.
పొయ్యి ఆర్పడం మర్చిపోయాను, గిన్నె మాడింది.

పాత రకం బల్బు కావాలి, చెయ్యి కాలేది.
ఇంకా అవి వాడేవాళ్ళున్నారా అని నవ్వి
కొట్టతను అటక మీంచి తీసిచ్చాడు.
దాని నెత్తిన రేకు చక్రం,
చక్రానికి కాగితం గొట్టం,
గొట్టం మీద నాలుగు చేపలు, కాసిని ఆకులు.
బల్బు కదలదు, ఆరదు.
దాని వేడే గొట్టాన్ని తోస్తుంది,
చిప్పల మీద నీడలు నడుస్తాయి
దున్న బండంత నింపాదిగా.

ముందు డాక్టరుకి చూపించాం.
గడియారం చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.
సరే అన్నాక కూడా ఇంకాసేపు చూశాడు.

డిసెంబరు పదహారు, తెల్లవారుజాము ప్రార్థన.
గుడి నించి వచ్చేవాళ్ళ చెప్పుల చప్పుడు
సరిగ్గా కిటికీ పక్కనే.
ఫ్లోర్డెలిసా దుప్పటి ఒక మూల విప్పింది,
ఆగింది, రెండో మూల విప్పింది.
వాడు వేళ్ళ సందుల్లోంచి చూశాడు.
మేమిద్దరం నక్షత్రాన్ని చూడలేదు,
వాడి పళ్ళనే చూశాం.

చెయ్యి దించాడు.
"ఆ చేప మళ్ళీ వచ్చింది," అన్నాడు.
తర్వాత లెక్కపెట్టడం మొదలెట్టాడు.
అయిదట.
నాలుగేరా, నేనే కత్తిరించాను అన్నాను.
కాదు, అయిదు. చూడు.

చూశాను.
అయిదోది
నా బొటనవేలి జిగురు మరక.
దానికి తోక కూడా ఉందట.