గడప కింద సందు

తలుపు నలుగురం మోశాం.
పొట్టలో రాతి ఊలు, అంచులకు రబ్బరు.
అయినా మూడు వంతెనల మీది గూడ్సు
చెవుల డాక్టరు పరీక్ష గదిలోకి
చెప్పులతో సహా నడిచొచ్చింది.

"బరువు చూసి మురవకురా," అన్నాడు ఖాజావలి మేస్త్రి.
"శబ్దానికీ నీళ్ళకీ సందుంటే చాలు."
లైటార్పించి, నన్ను బయట
టార్చితో నేలమీద బోర్లా పడుకోమన్నాడు.
లోపల్నించి వెలుగు గీతల్ని తడిమి
పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు:
బందు పక్కన ఒకటి,
గడప కింద జానెడు.

ద్వారబంధం ఊడదీసి మళ్ళీ మొదలు.
గోడకీ చెక్కకీ నడుమ
గోరు పట్టే చోటల్లా సీలెంటు,
తలుపు మూస్తే కిందికి దిగే రబ్బరు పట్టీ.
మధ్యాహ్నం టీలోనే పోయింది.

ఆరింటికి మూశాం.
ఆటోలు పోయాయి. అరండల్‌పేట మొత్తం పోయింది.
నా గుటక నాకే వినబడింది.

"ఇంకా ఏదో కూస్తోందిరా, సన్నగా."

బయటికెళ్ళి టార్చి వేశాను.
చుట్టూ తిప్పాను.
లోపలికి చుక్క వెలుగు రాలేదట.
మేస్త్రి తలుపుకి చెవి ఆనించాడు, గోడకి ఆనించాడు,
కాసేపాగి
కుడిచెవి అరచేత్తో మూసుకున్నాడు.
తీశాడు. మూశాడు.

"గదిది కాదులే," అన్నాడు,
"మన కోత మిషనుది.
సామాన్లు సర్దు."